రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’: కార్యాలయపు నిత్యకృత్యాలను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినప్పుడు ఏమి జరిగినది

(ప్రత్యేక వ్యాసం)

ఏ కార్యాలయంలోనైనా జరిగే పనిలో అధిక భాగం నిన్న చేసినదానినే నేడు మళ్ళీ చేయడం. దరఖాస్తు స్వీకరించడం, నంబరు వేయడం, రుసుము లెక్కించడం, రశీదు ఇవ్వడం, రిజిస్టరులో నమోదు చేయడం, అడిగినవారికి నకలు ఇవ్వడం అనే ఈ క్రమం వ్యాపార సంస్థలోనైనా, ప్రభుత్వ శాఖలోనైనా పెద్దగా మారదు. ఇటువంటి నిత్యకృత్యాలను కంప్యూటరుకు అప్పగించడానికి రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది, బజారులో సిద్ధంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను కొనడం. పట్టణాలలోని టోకు వర్తకులు ట్యాలీ కొని ఖాతాలు రాసుకుంటున్నది ఈ పద్ధతిలోనే. రెండవది, తన పనికి, తన నిబంధనలకు సరిపడే విధంగా ప్రత్యేకంగా రాయించుకోవడం. చట్టాలతోను, జీవోలతోను ముడిపడిన పనికి మొదటి మార్గం అరుదుగా మాత్రమే సరిపోతుంది.

రెండవ మార్గంలో తెలుగు ప్రజలు చూసిన తొలి భారీ ప్రయత్నాలలో రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ చేపట్టిన ‘కార్డ్’ ముఖ్యమైనది. కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ అనే పొడవాటి పేరుకు అది సంక్షిప్త రూపం. 1996లో తలపెట్టి, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ద్వారా సాఫ్ట్‌వేర్ రాయించి, సుమారు 13 కోట్ల రూపాయల తొలి అంచనాతో, 1998 నవంబరులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో దీనిని ప్రవేశపెట్టడమైనది. మిగిలిన కార్యాలయాలకు తరువాత విస్తరించడం జరిగినది. ఈ పథకానికి సారథ్యం వహించిన అప్పటి ఇన్‌స్పెక్టర్ జనరల్ శ్రీ జె. సత్యనారాయణ తమ అనుభవాలను అనంతరం గ్రంథరూపంలో కూడా వెలువరించిన విషయం విదితమే.

పాతికేళ్ళు దాటిన ఈ విషయాన్ని మళ్ళీ ప్రస్తావించడానికి కారణం ఉన్నది. నేడు దాదాపు ప్రతి శాఖ తనకంటూ ఒక సాఫ్ట్‌వేర్ రాయించుకుంటున్నది, లేదా ఉన్నదానిని మార్పించుకుంటున్నది. ఆ ప్రతిపాదనల దస్త్రాలు అధికారుల బల్లలపైకి వస్తున్నవి. వాటి ప్రారంభోత్సవ ప్రకటనలు పాత్రికేయ మిత్రులకు చేరుతున్నవి. యంత్రాల సంఖ్య, వ్యయం, ప్రారంభించిన ప్రముఖుల పేర్లు అందులో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏమి ఉన్నదో మాత్రం ఉండదు. ఈ వ్యాసకర్త కంప్యూటర్ శాస్త్రం చదివినవాడు కాదు; కళాశాలలో చరిత్ర, తెలుగు సాహిత్యం అభ్యసించినవాడు. అయినను ఈ విషయం అర్థం చేసుకోవడానికి యంత్రజ్ఞానం కంటె కార్యాలయ జ్ఞానమే ఎక్కువ అవసరమని మూడు దశాబ్దాల ఉద్యోగానుభవంలో తెలిసివచ్చినది.

బౌండు పుస్తకాల కాలం

కార్డ్‌కు పూర్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎలా పనిచేసేదో నేటి తరం పాత్రికేయులలో చాలామంది చూసి ఉండరు. స్థిరాస్తి కొనేవారు ముందుగా దస్తావేజు లేఖరి వద్దకు వెళ్ళేవారు. స్టాంపు వెండరు వద్ద స్టాంపు కాగితాలు కొని, వాటిపై దస్తావేజు రాయించుకొనేవారు. అనంతరం దానిని సబ్ రిజిస్ట్రార్ ఎదుట దాఖలు చేయవలసి ఉండేది. ఆస్తి విలువను మార్కెట్ విలువల రిజిస్టరుతో సరిచూసి, స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము లెక్కించేవారు. రాసి ఇచ్చినవారు తామే రాసి ఇచ్చినట్లు ఒప్పుకోవాలి, వారిని గుర్తించేందుకు సాక్షులు కావాలి, వేలిముద్రలు తీసుకోవాలి, దస్తావేజు వెనుక ఎండార్స్‌మెంట్లు రాయాలి. ఇవన్నీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం విధించిన మెట్లు.

అసలు భారం తరువాత మొదలయ్యేది. ప్రతి దస్తావేజును ఒకటవ పుస్తకమనే బౌండు పుస్తకంలో గుమాస్తాలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చేతితో నకలు రాసేవారు. ఆ నకలును మరొకరు చదివి మూలంతో సరిచూసేవారు. ఆ తరువాత రెండు సూచికలు తయారు చేయాలి. ఒకటవ సూచిక మనుషుల పేర్లను బట్టి, రెండవ సూచిక ఆస్తిని బట్టి. నకలు రాయడం పూర్తయితేనే మూల దస్తావేజు యజమానికి తిరిగి ఇచ్చేవారు. రాయవలసినవి పేరుకుపోయిన కార్యాలయాలలో అది రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి ఆగిపోయేది. చక్కని దస్తూరి గల గుమాస్తా బదిలీపై వెళ్ళిపోతే ఆ కార్యాలయంలో పనికి ఎంత ఇబ్బంది కలిగేదో పాత ఉద్యోగులు నేటికీ చెప్పుకుంటారు.

ఆస్తి కొనదలచినవారికి కావలసిన మరొక కాగితం ఈసీ, అనగా ఇన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఫలానా ఆస్తిపై ఫలానా కాలంలో ఏ అమ్మకం, ఏ తనఖా, ఏ దానపత్రం నమోదైనదో తెలిపే ధ్రువపత్రం ఇది. పది, పదిహేను సంవత్సరాల సూచికలను ఒక్కొక్కటిగా అటక మీద నుంచి దింపి, ఆ సర్వే నంబరు కోసం పుటలు తిరగవేస్తే తప్ప ఇది తయారయ్యేది కాదు. వెదికిన ఉద్యోగి కంటికి ఒక్క పద్దు తప్పిపోయినను ఆ ధ్రువపత్రం తప్పుడుదే అయ్యేది. దానిని పట్టుకొనే మార్గం మరొకటి ఉండేది కాదు.

ప్రోగ్రాము రాయడానికి ముందు రాయవలసినది

సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరుకు రిజిస్ట్రేషన్ చట్టం తెలియదు. సబ్ రిజిస్ట్రారుకు ప్రోగ్రాము రాయడం తెలియదు. వీరిద్దరి మధ్య ఒక పత్రం పుట్టాలి. కార్యాలయంలో ఏ పని ఏ క్రమంలో జరుగుతుంది, ఎవరు చేస్తారు, ఏ నిబంధన ప్రకారం చేస్తారు, ఏ సందర్భంలో నిరాకరిస్తారు అన్నది అందులో ఉండాలి. శాఖాపరంగా ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాయించుకోవడంలో అతి కష్టమైన భాగం ఇదే. ప్రోగ్రాము రాయడం దాని తరువాతి మాట.

ఆస్తి విలువ మదింపునే ఉదాహరణగా తీసుకొనవచ్చును. చదరపు గజం ధర రిజిస్టరులో ఉంటుంది. దానిని విస్తీర్ణంతో హెచ్చవేయడం యంత్రానికి క్షణం పని. అయితే స్థలంలో పాత పెంకుటిల్లు ఉంటే దాని వయస్సును బట్టి ఎంత తగ్గించాలి? మూల మీద ఉన్న స్థలానికి ఏ రోడ్డు ధర వర్తిస్తుంది? వ్యవసాయ భూమి అని రాసిన సర్వే నంబరులో అప్పటికే ఇళ్ళ ప్లాట్లు వేసి ఉంటే ఏ ధర తీసుకోవాలి? అనుభవం గల సబ్ రిజిస్ట్రారు వీటికి తన వివేకంతో సమాధానం చెప్పుకొనేవాడు. పక్క కార్యాలయంలోని సబ్ రిజిస్ట్రారు మరొక సమాధానం చెప్పేవాడు. రెండింటికీ ఆధారం ఒకే నిబంధన.

యంత్రానికి ‘సందర్భానుసారంగా’ అనే మాట తెలియదు. ప్రతి సందర్భాన్ని ముందే విడదీసి చెప్పాలి. అలా చెప్పడానికి కూర్చున్నప్పుడే శాఖకు తన నిబంధనలలో ఎన్ని ఖాళీలు ఉన్నవో, ఎన్ని అలవాట్లు నిబంధనలుగా చలామణీ అవుతున్నవో తెలుస్తుంది. కార్డ్ వలన ప్రజలకు కలిగిన ప్రయోజనాలలో ఇది ముఖ్యమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విలువల పట్టిక అన్ని కార్యాలయాలలోను ఒకే తీరుగా తెరపై కనబడినప్పుడు, లెక్క ఎలా వచ్చినదని అడిగే అవకాశం సామాన్యునికి తొలిసారిగా లభించినది.

చట్టం కూడా అడ్డు వచ్చినది. బౌండు పుస్తకంలో నకలు రాయవలెనని 1908 నాటి చట్టం చెబుతుండగా, దస్తావేజును స్కానరుతో చిత్రించి డిస్కులో దాచితే అది చట్ట ప్రకారం నకలు అవుతుందా? దేశంలో సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చినది 2000 అక్టోబరులో. కార్డ్ అంతకు ముందే వచ్చినది. కాబట్టి ఎలక్ట్రానిక్ పద్ధతిలో నకలు తీయడానికి వీలు కల్పిస్తూ రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్ర స్థాయిలో సవరణ తేవలసి వచ్చినది. సాఫ్ట్‌వేర్ సిద్ధమైన తరువాత చట్టం సంగతి చూద్దామనుకొనే శాఖలు ఈ క్రమాన్ని గమనించవలసి ఉన్నది.

1983 జనవరి 1 నుంచి

ఈసీని యంత్రం ఇవ్వాలంటే పాత సూచికలన్నీ యంత్రంలోకి ఎక్కాలి. ఇందుకోసం 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలను పాత రిజిస్టర్ల నుంచి కంప్యూటరులో నమోదు చేయించడం జరిగినది. తెలుగు రాష్ట్రాలలో నేడు ఆన్‌లైన్ ఈసీ వెదికేవారికి 1983 జనవరి 1 అనే తేదీ ఎదురు కావడానికి కారణం ఇదే.

చెప్పడానికి సులువుగా ఉన్న ఈ పని ఎంత కష్టమో గమనించవలెను. ఒక దస్తావేజులో 45/2ఎ అని ఉన్న సర్వే నంబరు మరొకదానిలో 45-2ఎ అని, ఇంకొకదానిలో 45లో రెండవ భాగం అని ఉంటుంది. మనిషి కంటికి మూడూ ఒకటే. యంత్రానికి మూడు వేర్వేరు భూములు. పేర్ల సంగతి సరే సరి. ఒకే వ్యక్తి ఒక దస్తావేజులో వెంకటేశ్వర్లు, మరొకదానిలో వెంకటేశ్వరరావు, బ్యాంకు తనఖాలో ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇంటి పేరు. పట్టణాలలో ఇంటి నంబర్లు మారినచోట పాత నంబరుకు, కొత్త నంబరుకు సంబంధం తెలిపే పట్టిక లేకపోతే ఆస్తి చరిత్ర మధ్యలో తెగిపోతుంది.

ఈ తప్పులు కేవలం అక్షర దోషాలు కావు. స్థిరాస్తికి సంబంధించిన రిజిస్టరు దస్తావేజు ఉన్నదంటే, ఆ తరువాత ఆస్తి కొనేవారికి దాని సంగతి తెలిసినట్లే భావించవలెనని ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షను చెబుతున్నది. చూడలేదు, తెలియదు అన్న మాట చెల్లదు. అయితే ఆ భావనకు అదే చట్టం కొన్ని షరతులు విధించినది. ఆ లావాదేవీ వివరాలు రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షను ప్రకారం నిర్వహించే సూచికలలో సరిగా నమోదై ఉండాలన్నది వాటిలో ఒకటి. అనగా సూచిక సరిగా ఉన్నదా లేదా అన్నదానిపై ఒక కుటుంబం హక్కు ఆధారపడవచ్చును. తాత్కాలిక ఉద్యోగి ఒకరు రోజుకు ఇన్ని పద్దుల లెక్కన టైపు చేసిన వరుసలో ఒక అంకె తారుమారైతే దాని పర్యవసానం న్యాయస్థానం దాకా పోగలదు.

ఈ వ్యాసకర్త ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, ఒక పట్టణంలో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఒకరు సమాచార కార్యాలయానికి వచ్చినారు. పత్రికల వారికి చెప్పుకుంటే పని జరుగుతుందేమోనని ఆయన ఆశ. గ్రాట్యుటీ సొమ్ముతో ఇంటి స్థలం కొన్నారు. కొనే ముందు కంప్యూటరు ఈసీ తీసుకున్నారు. అందులో ఏ లావాదేవీ లేదని వచ్చినది. ఇంటి రుణం కోసం బ్యాంకుకు వెళ్ళినప్పుడు, ఆ స్థలంపై పాత యజమాని రిజిస్టరు చేసిన తనఖా ఒకటి ఉన్నట్లు బయటపడినది. బౌండు పుస్తకంలో అది సక్రమంగానే ఉన్నది. కంప్యూటరులో మాత్రం సర్వే నంబరు ఉపవిభాగం మరొకటిగా ఎక్కినది. ‘మాష్టారూ, కంప్యూటరు తప్పు చెప్పదండీ’ అని తనకు భరోసా ఇచ్చినవారి మాటలను ఆయన కోపం లేకుండా, ఆశ్చర్యంతో తిరిగి చెప్పినారు. అమ్మిన వ్యక్తి మర్యాదస్తుడు కావడం వలన అప్పు తీర్చివేసి స్థలాన్ని విడిపించినాడు. అందరికీ అటువంటి అమ్మకందారు దొరకడు.

కాబట్టి పాత రికార్డును యంత్రంలోకి ఎక్కించే పనికి బడ్జెటులో ఎంత కేటాయించినారు, ఎక్కించిన దానిని మూలంతో ఎవరు సరిచూస్తారు అనే ప్రశ్నలు కొత్త సాఫ్ట్‌వేర్ ప్రతిపాదనలో తొలి పుటలోనే ఉండదగినవి. ఆచరణలో అవి అనుబంధంలో ఉంటున్నవి.

వరుస తగ్గినది, మధ్యవర్తి తగ్గలేదు

కార్డ్ వచ్చిన తరువాత రోజుల తరబడి వేచి ఉండవలసిన ఈసీ నిమిషాలలో చేతికి వచ్చినది. రిజిస్టరు అయిన దస్తావేజును అదే రోజు తీసుకొని వెళ్ళడం సాధ్యమైనది. నకలు రాసే పని దాదాపు అంతరించినది. 2011లో మీసేవ ప్రారంభమైన తరువాత ఈసీ కోసం, నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికే వెళ్ళనవసరం లేని స్థితి ఏర్పడినది. ఇవి కాదనలేని ఫలితాలు.

అయితే రెండవ వైపు కూడా చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణమవుతుంది. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు కార్డ్ గురించి ఒక విమర్శనాత్మక వ్యాసం ప్రచురించినారు. కంప్యూటర్లు వచ్చినను దస్తావేజు లేఖరులు, మధ్యవర్తులు యథాతథంగా ఉన్నారని, ప్రజలు వారి ద్వారానే కార్యాలయానికి చేరుతున్నారని, అనధికార చెల్లింపులు ఆగలేదని ఆయన పేర్కొన్నారు. శాఖలోని వారికి ఈ వ్యాసం రుచించకపోవడం సహజం. కానీ అందులోని అంశం ఆలోచించదగినది. సాఫ్ట్‌వేర్ యాంత్రికం చేసినది కార్యాలయం లోపలి పనిని. కార్యాలయం గుమ్మం వెలుపలి పనిని అది ముట్టుకోలేదు. దస్తావేజు ఎలా రాయాలి, ఏ కాగితాలు తేవాలి, ఏ వరుసలో నిలబడాలి అన్నది తెలియని రైతుకు 1997లో ఎవరి అవసరం ఉన్నదో, 1999లోను వారి అవసరమే ఉన్నది. నిత్యకృత్యాల భారం గుమాస్తా నుంచి తొలగినది గాని పౌరుని నుంచి తొలగలేదు.

రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య ఖాళీ

ప్రతి శాఖ తన పని వరకు రాయించుకున్నప్పుడు మరొక ఇబ్బంది తలెత్తుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ అచ్చు వేసిన కాగితాన్ని చూసి మరొక సాఫ్ట్‌వేర్‌లో మనిషి టైపు చేసే చోటు ఒకటి మిగిలిపోతుంది. తప్పుకు, మోసానికి అది అనువైన చోటు.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు చూసిన నకిలీ చలానాల వ్యవహారం పాత్రికేయ మిత్రులకు గుర్తు ఉండే ఉంటుంది. రిజిస్ట్రేషన్ సుంకం చలానా రూపంలో ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థలో జమ అవుతుంది. రిజిస్ట్రేషన్ మరొక సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. తక్కువ మొత్తం చెల్లించి, చలానా కాగితంపై అంకెను పెంచి దాఖలు చేసిన సంఘటనలు పలు కార్యాలయాలలో బయటపడినవి. రెండు వ్యవస్థలూ విడివిడిగా సక్రమంగానే పనిచేసినవి. జమ అయిన మొత్తాన్ని, దాఖలైన చలానాను పోల్చి చూసే బాధ్యత మాత్రం మనిషి ఓపికపై ఆధారపడినది. ఈ వ్యవహారం తరువాత రెండు వ్యవస్థలను అనుసంధానించే చర్యలు చేపట్టడమైనది. ఆడిటు భాషలో దీనిని సరిపోల్చడం అంటారు. యాంత్రీకరణకు అన్నిటికంటె అనువైన పని ఇదే. చిత్రమేమంటే, మనవారు చాలాచోట్ల యంత్రానికి చివరగా అప్పగించేది కూడా దీనినే.

మీట లేనిచోట

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి అనుభవం మరొక కోణాన్ని చూపుతున్నది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను, మ్యుటేషన్‌ను తహసీల్దారు కార్యాలయంలోనే ఒకేసారి పూర్తి చేసే విధంగా దానిని రూపొందించినారు. వివాదం లేని భూమి విషయంలో పని వేగంగా జరిగినది. పాత రికార్డులో విస్తీర్ణం తప్పుగా ఎక్కినవారు, పేరు రాని వారు, తమది కాని భూమి నిషేధిత జాబితాలో చిక్కుకున్నవారు మాత్రం ఇబ్బంది పడినారు. తమ సమస్యకు సరిపడే అంశం తెరపై లేకపోతే దరఖాస్తు చేయడానికే వీలు ఉండదు. ఏ మాడ్యూలులో దరఖాస్తు చేయాలి అనే మాట గ్రామాలలో సైతం వినబడసాగినది. అవసరాన్ని బట్టి కొత్త మాడ్యూళ్ళను ఒకటొకటిగా తరువాత చేర్చవలసి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి విధానంలో, దాని ఆధారమైన చట్టంలో, అప్పీలు వ్యవస్థకు చోటు కల్పించడం ఈ నేపథ్యంలో గమనార్హము.

కాగితం మీద దరఖాస్తు రాసే రోజులలో ఎటువంటి వింత సమస్యనైనా తెల్ల కాగితంపై రాసి టపాలులో వేయవచ్చును. అధికారి దానిని చదవక తప్పదు. తెరపై గడులు మాత్రమే ఉన్నప్పుడు, గడిలో ఇమడని కష్టం అధికారి దృష్టికే రాదు. కనుక ప్రత్యేకంగా రాయించుకునే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోను ‘ఇతరములు’ అనే ఒక గడి, దానిని తప్పనిసరిగా చదివే ఒక అధికారి ఉండవలెనని సూచించడం సాహసం కాబోదు. ఇంజనీర్లు ఈ గడిని ఇష్టపడరు. అది లెక్కకు అందదు.

లెక్క ఎవరిది?

యంత్రం చూపిన లెక్కకు, మనిషి చెప్పిన మాటకు తేడా వచ్చినప్పుడు దేనిని నమ్మాలి అనేది అన్నిటికంటె గంభీరమైన ప్రశ్న. మన దేశంలో ఇటువంటి వివాదాలు చెదురుమదురుగా వస్తున్నవి గాని, దీని తీవ్రతను పూర్తిగా చూపిన ఉదంతం బ్రిటన్‌లో జరిగినది. అక్కడి పోస్టాఫీసు సంస్థ తన శాఖల జమాఖర్చుల కోసం హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999 నుంచి ప్రవేశపెట్టినది. శాఖలను నడిపే సబ్ పోస్టుమాస్టర్ల లెక్కలలో అది తరుగు చూపసాగినది. తాము తీసుకోలేదని వారు మొత్తుకున్నను, కంప్యూటరు లెక్కే సాక్ష్యమైనది. 900 మందికి పైగా దోషులుగా నిర్ధారణ అయినారు. కొందరు జైలుకు వెళ్ళినారు. ఇళ్ళు అమ్ముకున్నవారు, ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌లోనే లోపాలు ఉన్నవని అక్కడి హైకోర్టు నిర్ధారించినది 2019లో. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసినది 2024లో.

మన దేశంలో కంప్యూటరు రికార్డును సాక్ష్యంగా దాఖలు చేయాలంటే, ఆ యంత్రం సక్రమంగా పనిచేస్తున్నదని ధ్రువీకరించే పత్రం జతపరచవలసి ఉన్నది. లోగడ సాక్ష్య చట్టం 65-బి సెక్షను ప్రకారం ఇచ్చిన ఈ పత్రం, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఇవ్వవలసి ఉన్నది. యంత్రానికి బాధ్యుడైన వ్యక్తితో పాటు నిపుణుడు కూడా దానిపై సంతకం చేయాలి. కార్యాలయాలలో ఈ పత్రం ఒక లాంఛనంగా, అచ్చు వేసిన నమూనాపై సంతకంగా మారే ప్రమాదం ఉన్నది. సంతకం చేసే అధికారి, సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దును ఎవరు, ఎప్పుడు, ఏమని మార్చినారో చూపే లాగ్ ఉన్నదా అని కనీసం ఒక్కసారి అడిగి తెలుసుకొనుట ఆయనకే క్షేమము.

నిర్వహణకు సంబంధించిన సంగతులను క్లుప్తంగా ప్రస్తావించవచ్చును. సుంకం రేటును ప్రోగ్రాము మధ్యలో అంకెగా రాసి ఉంటే, జీవో వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామరును పిలవాలి. విడిగా పట్టికలో ఉంచితే శాఖ ఉద్యోగియే మార్చగలడు. ఏ తేదీ నుంచి ఏ రేటు అన్నది కూడా పట్టికలోనే నిలుస్తుంది. సోర్స్ కోడ్ ఎవరి అధీనంలో ఉంటుందో ఒప్పందంలో రాసుకోకపోతే, రాసిన సంస్థ వెళ్ళిపోయిన రోజున శాఖ చేతిలో తెర మాత్రమే మిగులుతుంది. సర్వరు ఆగినప్పుడు పని ఎలా సాగాలో రాతపూర్వకంగా ఉండాలి. సర్వరు డౌన్ అన్న మాట విని, పెళ్ళి ఖర్చుల కోసం పొలం అమ్మడానికి వచ్చిన కుటుంబం సాయంత్రం దాకా కార్యాలయం మెట్ల మీద కూర్చున్న దృశ్యాలు రెండు రాష్ట్రాలలోను కొత్తవి కావు.

పాత్రికేయ మిత్రులకు

‘కంప్యూటరీకరణ పూర్తయినది’ అనే వాక్యం పత్రికా ప్రకటనలలో తరచుగా కనబడుతుంది. అటువంటి వాక్యాలు రాసినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకరని అంగీకరించవలసి ఉన్నది. ఆ వాక్యం కనబడినప్పుడు పాత రికార్డు ఏ సంవత్సరం నుంచి ఎక్కినదని, ఎక్కినదానిలో ఎంత భాగాన్ని మూలంతో సరిచూసినారని, తప్పు దొర్లితే సరిచేసే అధికారం ఏ స్థాయి అధికారికి ఉన్నదని, ఆ సవరణకు ఎన్ని రోజులు పడుతున్నదని అడగవచ్చును. ప్రారంభోత్సవం రోజున కాకుండా, ఆరు నెలల తరువాత ఒక సోమవారం ఉదయం అదే కార్యాలయానికి వెళ్ళి వరుసలో నిలబడినవారిని పలకరిస్తే మరింత సమాచారం లభిస్తుంది. అధికారులకు కూడా ఇది వర్తిస్తుంది. వారు వెళ్ళేటప్పుడు ముందుగా కబురు పంపకపోవడం మంచిది.

ఆస్తి కొనేవారు అడిగే ప్రశ్న కూడా ఒకటి ఉన్నది. కంప్యూటరు ఈసీలో ఏమీ లేదంటే ఆ ఆస్తిపై ఎప్పుడూ ఏమీ లేదని అర్థమా? కాదు. అడిగిన కాలానికి, అడిగిన వివరాలతో నమోదైన పద్దులు లేవని మాత్రమే అర్థం. సర్వే నంబరును, పాత ఉపవిభాగాలను, పాత ఇంటి నంబరును, పాత యజమానుల పేర్లను కూడా ఇచ్చి వేర్వేరుగా వెదికించుకొనవలెను. 1983కు ముందటి లావాదేవీల విషయంలో సాధారణంగా ఆస్తి ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయ పరిధిలో ఉన్నదో అక్కడే దరఖాస్తు చేసుకోవలసి ఉన్నది. అక్కడ ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఒక ఉద్యోగి సూచికలను బయటకు తీసి, ఒక్కొక్క పుటను తిరగవేసి చూస్తాడు.